ముల్లు లేవని బండి

మా ఆయన పోయిన మూడో నెలలో మా మరిది లారీ సంగతి ఎత్తాడు.

"వదినా, తాగుడు ఎక్కువ, తెచ్చుడు తక్కువ. యాసంగి వడ్లు దిగే లోపల మైలేజి పెరగకపోతే తుక్కుకు ఇచ్చేద్దాం."

మరిది మాట అబద్ధం కాదు. మాది పాత ఆరు టైర్ల బండి. ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి మిల్లులకు వడ్లో మక్కలో తీసుకుపోయి ఖాళీగా తిరిగి వస్తుంది. లీటరుకు నాలుగు కిలోమీటర్లు కూడా ఇవ్వడం లేదు. అయినా అమ్మడం నాకు ఇష్టం లేదు. చనిపోయిన మనిషి వస్తువుల్లో ఉంటాడని నేను నమ్మను. అమ్మకూడదనిపించింది, అంతే.

చదివే అలవాటు ఉంది కాబట్టి మైలేజి ఎలా పెరుగుతుందో చదివాను. ముందు టైర్లలో గాలి సరిచేయించాను. ఎయిర్ ఫిల్టర్ మార్పించాను. లోడు మీద కప్పే పట్టా ఎగరకుండా బిగించి కట్టమన్నాను. క్యాబిన్ మీద ఆయన పెట్టించిన రంగుల చెక్క గాలికి అడ్డమని తీయించాను. దాని చోట వాలుగా ఒక రేకు కట్టించాను. వారానికే ఆ రేకు లింగంపేట దగ్గర ఊడిపోయింది.

"గాలి ఆపుదామని రేకు కట్టిస్తివి అక్కా, గాలే రేకును కొంచవోయింది" అన్నాడు డ్రైవరు. అతను పదేళ్ళు మా ఆయన పక్కన తిరిగినవాడు. నవ్వు ఆపుకోవడానికి పెద్దగా ప్రయత్నించలేదు.

ప్రతిసారీ ఒకే బంకులో, ట్యాంకు నోటి దాకా నింపించి లెక్క చూశాను. మైలేజి వెంట్రుకంత పెరిగేది, మరుసటి వారం మళ్ళీ పడిపోయేది. రేకు పోయింది, చెక్కా పోయింది. కామారెడ్డి మెకానిక్ షెడ్డులో నేను ఏదైనా అడిగితే అందరూ డ్రైవరు వైపు చూసి జవాబు చెప్పేవారు.

మాఘమాసంలో ఒక పొద్దున, ఏం జరుగుతోందో నేనే చూడాలని క్యాబిన్‌లో ఎక్కాను. సీటు వెనక అరలో బండితో పాటు కంపెనీ ఇచ్చిన పుస్తకం దొరికింది. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఎవరూ విప్పలేదు. ఇంజను నీళ్ళ వేడి చూపే ముల్లు నడిచే బండిలో మధ్యన నిలబడాలని అందులో బొమ్మ వేసి ఉంది. మా ముల్లు అడుగునే పడి ఉంది. కామారెడ్డి చేరినా లేవలేదు.

"ముల్లు ఖరాబైందా తమ్మీ?"

"ఖరాబు గాదక్కా, మనది ఠండా బండి! ఎండకాలంల సుత ముల్లు లేవది. అన్న చేసిన కమాల్ అది."

ఎనిమిదేళ్ళ కింద లోడు మీద ఉండగా ఇంజను మరిగి బండి రోడ్డు మీద ఆగిపోయిందట. ఇంజను వేడెక్కే దాకా నీళ్ళను రేడియేటరులోకి పోనివ్వని చిన్న వాల్వు ఒకటి ఉంటుంది. మా ఆయన తానే విప్పి దాన్ని తీసేశాడట. ఆ తర్వాత ఎన్నడూ మరగలేదని డ్రైవరు గర్వంగా చెప్పాడు.

"ఎట్లుంటది అది?"

"అరచేతంత. ఇత్తడిది, నడుమల స్ప్రింగు."

అది మా ఇంట్లోనే ఉంది. "పనికిరానిది, నీ పుస్తకాల మీద పెట్టుకో" అని ఆయన ఇచ్చాడు. ఎనిమిదేళ్ళుగా, ఫ్యాను గాలికి పేజీలు తిరగకుండా దాన్నే పెట్టుకుని చదువుతున్నాను.

వేడి నీళ్ళలో వేస్తే ఆ వాల్వు తెరుచుకోవాలని కంపెనీ పుస్తకంలో ఉంది. ఇంటికొచ్చి గిన్నెలో వేసి మరిగించాను. సగం నీళ్ళు ఇగిరిపోయినా అది తెరుచుకోలేదు. మర్నాడు కామారెడ్డికి తీసుకుపోయి, షెడ్డులో అందరికంటే పెద్దవాడైన మెకానిక్‌కు చూపించాను. ఈసారి అతను నా వైపే చూసి మాట్లాడాడు.

"పట్టేసింది అమ్మా. గందుకే ఆ దినం ఇంజన్ మరిగింది. ఖరాబైంది తీసుడు సహీ. జాగ ఖాళీ పెట్టుడే గల్తీ. ఇంజన్ చల్లగుంటే డీజిల్ సక్కగ కాలది, పొగైపోతది."

డ్రైవరు ఒప్పుకోలేదు. "అన్న తీసింది మళ్ల పెడ్తరా? రేపు మరిగితే ఎవలు జిమ్మేదారు?"

"నేను" అన్నాను.

కొత్త వాల్వు వేయించాం. చాలా చిన్న వస్తువు. మా ఆయన ఆ రోజే ఇది వేయించి ఉంటే సరిపోయేది. ఇంట్లో గ్యాస్ బండ మారిస్తే వాసన వస్తోందేమోనని రెండుసార్లు చూసే మనిషి, దీన్ని మాత్రం తీసేసి ఊరంతా చెప్పుకున్నాడు. ఒక్కరూ ఎందుకని అడగలేదు. వస్తువు నా చేతికిచ్చినప్పుడు నేనూ అడగలేదు. ఆ కోపంతో రెండు రోజులు అన్నం సహించలేదు. ఎదురుగా ఉంటే గట్టిగా పోట్లాడేదాన్ని. ఆయన ఒప్పుకునేవాడు కాదు. మూడో రోజు ఎవరికీ చెప్పకుండా వెళ్ళి కొత్తది తెచ్చేవాడు.

నాలుగు ట్రిప్పుల తర్వాత లీటరుకు నాలుగుంపావు వచ్చింది. ఆ తర్వాత తగ్గలేదు. మరిది వారం వారం చూసి, "సరే, ఈ యాసంగికి ఉండనీ" అన్నాడు. అంతకంటే ఎక్కువ నేను అడగలేదు.

వడ్లు మొదలైన రోజు మిల్లు దగ్గర నుంచి డ్రైవరు ఫోన్ చేశాడు.

"అక్కా, ఫుల్ లోడ్, మస్తు ఎండ. ముల్లు నడుమనే ఉంది."

చెప్పాల్సిన మాటలు నా దగ్గర చాలా ఉన్నాయి. అవి అతనితో అనవలసినవి కావు.

"మంచిది తమ్మీ, పైలంగా రా" అన్నాను.