ఐదు పేర్ల బొంత

సౌభాగ్యమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె గొంతు గురించి చెప్పాలి. బేస్తవారిపేటకు నాలుగు మైళ్ళ అవతల ఉన్న ఆ పల్లెలో, చర్చి మైకు చెడిపోతే ఎవరూ కంగారు పడరు. సౌభాగ్యమ్మ ఉందిగా అంటారు. యాభై ఆరేళ్ళ బక్కపలచని మనిషి. పొద్దున కూలికి పోతుంది, సాయంత్రం బొంత ముందేసుకొని కూర్చుంటుంది. అంత సన్నటి ఒంట్లోంచి అంత గొంతు ఎట్లా వస్తుందో ఆమె మొగుడికి బతికున్నన్నాళ్ళూ అర్థం కాలేదట. పాపం, ఆలోచించుకునేంత తీరిక ఆయనకు ఆమె ఎప్పుడిచ్చింది గనక.

ఆ గొంతుకు ఏడాదికి ఒకరోజు రాజ్యం. కందికోతలు అయ్యాక చర్చిలో కోత పండుగ చేస్తారు. ఎవరికి పండింది వాళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. గుమ్మడికాయ, చాటెడు కందులు, కోడిపుంజు, ఏమీ లేనివాళ్ళు మూడు గుడ్లు. ప్రార్థన అయ్యాక వాటిని చర్చి వాకిట్లో వేలం వేస్తారు. వెనకటికి ఆ పని సంఘపెద్ద వరప్రసాదం చూసేవాడు. ఆయన గొంతు పడిపోయాక సౌభాగ్యమ్మను పిలిచి పని అప్పగించి, ఒక్కటే షరతు పెట్టాడు.

"వస్తువు పైకెత్తే ముందు తెచ్చినోళ్ళ పేరు చెప్పాల. పాడేటోడు గూడా ఆ పేరుతోనే పాడాల. పేరు లేని పాట చెల్లదు."

ఇరవై రెండేళ్ళుగా ఆమె దగ్గర అదే చట్టం. అక్కడ ఎవరూ ఉత్త నూరు రూపాయలు అనరు. గురమ్మ గుడ్లకు నూరు రూపాయలు అంటారు. ఒకసారి కురిచేడు నుంచి వచ్చిన ధాన్యం వ్యాపారి పద్ధతి తెలియక చెయ్యెత్తి ఐదొందలన్నాడు. సౌభాగ్యమ్మ ఆయన్ను తేరిపార చూసి, ఎవరి గుమ్మడికాయకు నాయనా అని అడిగింది. ఆయన నాలుక కరుచుకొని, పక్కవాణ్ణి అడిగి పేరు కనుక్కొని, మళ్ళీ పాడాడు. ఆ వ్యాపారి ఇప్పటికీ ఆ దారిన పోతే ఆమెకు దణ్ణం పెట్టే పోతాడు.

ఇక పట్నం సంగతి. నాలుగేళ్ళ కిందట హైదరాబాదు నుంచి ఒక ట్రస్టువాళ్ళు వచ్చి, అరుగుల మీద ఆరేసిన బొంతలు చూసి మురిసిపోయారు. పాత చీరలు నాలుగైదు పొరలుగా పరిచి, నాలుగు మూలలా పలకరాళ్ళు బరువు పెట్టి, ఎదురెదురుగా కూర్చొని కుట్టుకుంటూ వచ్చే బొంతలో అంత మురిసిపోవలసింది ఏముందో ఊరికి అంతుబట్టలేదు. చలికి కప్పుకునే వస్తువే కదా. కానీ వాళ్ళు కొన్నారు, కుట్టిన మనిషిని కూడా చూపించాలన్నారు. గొంతున్న మనిషి కాబట్టి ఊరు సౌభాగ్యమ్మను పంపింది.

మొదటి ఏడు చేతిపనుల ప్రదర్శనలో ఆమెను ఒక కొట్టు ముందు చాప మీద కూర్చోబెట్టి కుట్టమన్నారు. ఒకావిడ వచ్చి, ముఖం వద్దు, చేతులు చాలు అని చెప్పి మరీ ఫొటో తీసుకుంది. రెండో ఏడు పెద్ద హోటల్లో ఏదో కళల పండుగ. మెడలో అట్ట వేశారు. అట్ట మీద 'కళాకారిణి' అని ఉంది, పేరు లేదు. మూడో ఏడు దానధర్మాల విందులో శాలువా కప్పారు. కప్పిన పెద్దమనిషి ఫొటో తీసేంతవరకు నవ్వి, తీయగానే నవ్వు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ శాలువా ఇప్పుడు గురమ్మ మేకపిల్లకు చలికాలం బాగా పనికొస్తోంది.

అట్లాగని సౌభాగ్యమ్మకు పట్నం మీద కోపమేమీ లేదు. లిఫ్టు ఎక్కడమంటే ఇష్టం. విందుల్లో పెట్టే తిండికి వంక పెట్టాలంటే వెతుక్కోవాలి. ఊరికి వచ్చాక వారం రోజులు వాళ్ళ నడకలు, వాళ్ళ పలకరింపులు చేసి చూపించి ఆడవాళ్ళను కడుపుబ్బ నవ్వించేది. పేరు సంగతి మాత్రం నవ్వులో కలవకుండా లోపల ఒక మూలన ఉండిపోయేది.

ఈ ఏడు నాగజ్యోతి కొత్త కబురు తెచ్చింది. నాగజ్యోతి గిద్దలూరు పిల్ల, ట్రస్టు తరఫున ఊళ్ళు తిరుగుతుంది. చిన్నపిల్లల గుండె ఆపరేషన్ల కోసం పట్నంలో పెద్ద విందు జరుగుతుందట, సినిమా హీరోయిన్ వస్తుందట, ఈసారి బొంతను అక్కడ వేలం వేస్తారట. అది బాగా జరిగితే రెండు వందల బొంతలకు ఆర్డరు.

రెండు వందల బొంతలంటే ఊళ్ళో బొంతలు కుట్టే ఐదుగురు ఆడవాళ్ళకు ఏడాది పని. అంటే ఈ ఏడు గుంటూరు వైపు మిరపకోతలకు లారీ ఎక్కనక్కర్లేదు. సౌభాగ్యమ్మ కోడలు హెప్సిబా చంటిబిడ్డను చేనిగట్టున గోనెపట్టా మీద పడుకోబెట్టి కాయ కొయ్యనక్కర్లేదు. ఆ మాట వినగానే హెప్సిబా బిడ్డను గుండెకు హత్తుకుంది. సౌభాగ్యమ్మ అది చూసింది. చూసి కూడా, పేర్లు చెప్తారా అని అడిగింది.

చెప్తారంది నాగజ్యోతి. తానే కార్డు రాసిస్తానంది, ఐదు పేర్లూ స్టేజీ మీద చదువుతారంది. గురమ్మ నమ్మలేదు. ఆమెకు డెబ్భై దాటాయి, అర్ధవీడు కొండల్లో మేకలు కాసి కాసి ఎవర్నీ నమ్మని కళ్ళు.

"మన పేర్లు వాళ్ళకెందుకే? మేకను కొనేటోడు కాసినోడి పేరు అడుగుతాడా?"

"వాళ్ళు చెప్పకుంటే నేను చెప్తా అత్తా," అంది సౌభాగ్యమ్మ. "మాట ఇస్తాన్నా."

అప్పుడు గానీ గురమ్మ పెట్టె తెరవలేదు. చచ్చిపోయిన మొగుడి ఎర్ర తలగుడ్డ తెచ్చి ఇచ్చింది. హెలెన్ తాను బడిలో ఆయాగా పనిచేసినన్నాళ్ళూ కట్టిన ఆకుపచ్చ చీర ఇచ్చింది. బేస్తవారిపేటలో మిషను కుట్టే జులేఖా తన తల్లి ఓణీ తెచ్చి, అంచు తానే కుడతానంది. హెప్సిబా తన పెళ్ళి తెల్లచీరలో సగం చింపింది. సౌభాగ్యమ్మ పదేళ్ళు మిరపకోతలకు కట్టిన చీర వేసింది. దాన్ని ఎన్నిసార్లు ఉతికినా ఇప్పటికీ తుమ్ములొస్తాయి. నలభై రోజులు కుట్టారు. అంత మంచి బొంత ఆ చుట్టుపక్కల ఎవరూ కుట్టలేదని నేననడం కాదు, ఎవరి పనినీ మెచ్చని జులేఖాయే అంది.

విందు రోజున సౌభాగ్యమ్మకు ట్రస్టు చీర కట్టించి, హాలులో అన్నిటికన్నా వెనక, తలుపు పక్కన కుర్చీ వేశారు. పక్కన నాగజ్యోతి. బల్లల చుట్టూ కూర్చున్నవాళ్ళకు తలా ఒక నంబరు అట్ట. పాడదలచుకున్నవాళ్ళు నోరు మెదపకుండా అట్ట ఎత్తితే చాలు. నోరు లేని వేలం సౌభాగ్యమ్మ అప్పుడే చూడడం.

బొంత పక్కన పెట్టిన కార్డును ఆమె వచ్చీరాగానే కూడబలుక్కుని చదువుకుంది. ట్రస్టు పేరుంది. రంగులు ఎంచిందని ఎవరో డిజైనరు పేరుంది. కింద 'గ్రామీణ మహిళల చేతిపని' అని ఉంది. రంగులు ఎంచిందట! గురమ్మ మొగుడి తలగుడ్డ ఎరుపును ఆ డిజైనరు ఏ సంతలో ఎంచిందో. సొమ్మొకడిది, సోకొకడిది.

అడగనిదే అమ్మైనా పెట్టదు కదా అని నాగజ్యోతిని అడిగింది. నాగజ్యోతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తాను రాసే ఇచ్చానని, ట్రస్టు పెద్ద మేడం పొడుగైందని కొట్టేసిందని చెప్పింది.

"ఈ ఒక్కపూటకు ఊరుకో అత్తా. ఆర్డరు పోతాది."

ఊరుకున్నంత ఉత్తమం లేదంటారు. సౌభాగ్యమ్మ ఊరుకుంది. హెప్సిబా బిడ్డ, గోనెపట్టా, ఎండ, అన్నీ కళ్ళముందు పెట్టుకొని పళ్ళు బిగించి కూర్చుంది. ముందు ఒక క్రికెట్ బ్యాటు వచ్చింది. అది ఫలానా ఆటగాడు ఫలానా మ్యాచిలో పట్టిన బ్యాటని యాంకరమ్మ మూడుసార్లు చెప్పింది. తర్వాత ఒక చీర వచ్చింది. అది హీరోయిన్ ఫలానా సినిమాలో కట్టిందని ఐదుసార్లు చెప్పింది. పేరు చెప్పిన కొద్దీ అట్టలు లేచాయి. అప్పుడు సౌభాగ్యమ్మకు ఒళ్ళు మండిపోయింది. వీళ్ళకు పద్ధతి తెలియక కాదు. బాగా తెలుసు. పేరులోనే ధర ఉందని వీళ్ళకు వరప్రసాదం కంటే బాగా తెలుసు.

బొంత వచ్చింది. పల్లె ఆడవాళ్ళ చేతిపని అంది యాంకరమ్మ. అట్టలు లేచాయి. ముందు బల్ల దగ్గర స్థలాల వ్యాపారం చేసే ఒకాయన పాటను మూడు లక్షల దాకా తెచ్చాడు. అందరూ చప్పట్లు కొట్టబోతున్నారు.

"ఆగండి," అంది సౌభాగ్యమ్మ.

మైకు లేదు, అక్కర్లేదు కూడా. కందిచేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పిలిచే గొంతు అది. హాలంతా వెనక్కి తిరిగింది. ఆమె బల్లల మధ్యగా నడిచి పోయి బొంత పక్కన నిలబడింది. కాపలావాడు రెండడుగులు ముందుకు వేశాడు గానీ, ఇది కూడా కార్యక్రమంలో భాగమేమోనని ఆగిపోయాడు. యాంకరమ్మ కూడా అదే అనుకొని నవ్వుతూ పక్కకు జరిగింది.

"ఈ ఎరుపు గురమ్మ మొగుడి తలగుడ్డ. ఈ పచ్చ హెలెన్ చీర. అంచు కుట్టింది జులేఖా, ఈ ఓణీ వాళ్ళమ్మది. తెలుపు నా కోడలు హెప్సిబా పెళ్ళిచీర. మిగిలింది నాది. నేను సౌభాగ్యమ్మ. మా ఊళ్ళో తెచ్చినోళ్ళ పేరు చెప్పకుండా పాడిన పాట చెల్లదు. ఇప్పుడు మొదలు."

ఎవరో ముద్దుగా చప్పట్లు కొట్టారు. వ్యాపారి నవ్వుతూ అట్ట ఎత్తి, మూడు లక్షలు అన్నాడు.

"ఎవరి బొంతకు, నాయనా?"

ఆయన నవ్వు అట్లాగే ఉంది. పక్కనున్న భార్య వంక చూశాడు. ఆమె ఫోను వంక చూసింది. సౌభాగ్యమ్మ కోప్పడలేదు. చిన్నపిల్లలకు చెప్పినట్టు ఐదు పేర్లూ మళ్ళీ చెప్పి, కనీసం ఒక్క పేరు చెప్పి పాడు నాయనా అంది. ఆయన ముఖం ఎర్రబడింది. అట్ట బల్ల మీద బోర్లించాడు. పెద్ద మేడం స్టేజీ పక్కనుంచి పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ, చేత్తో మాత్రం దిగు దిగు అంటోంది. ఇంకెవరి అట్టా లేవలేదు. అంత చదువుకున్నవాళ్ళు, ఒక్క పేరు పలకడానికి అంత సిగ్గెందుకు పడ్డారో నాకు ఇప్పటికీ తెలియదు.

సౌభాగ్యమ్మ నడుముకు దోపుకున్న సంచిలోంచి దారిఖర్చులకు పెట్టుకున్న ఐదు వందల నోటు తీసింది.

"గురమ్మ, హెలెన్, జులేఖా, హెప్సిబా, సౌభాగ్యమ్మ. ఈ ఐదుగురి బొంతకు ఐదు వందలు. ఒకటోసారి." ఆగి చూసింది. "రెండోసారి." స్థలాలాయన తల దించుకున్నాడు. "మూడోసారి."

నోటు బల్ల మీద పెట్టి, దాని మీద యాంకరమ్మ నీళ్ళగ్లాసు బరువు పెట్టి, బొంత మడిచి చంకలో పెట్టుకుంది. పెద్ద మేడం దగ్గరికొచ్చి, చిన్నపిల్లల ఆపరేషన్లకు వచ్చే డబ్బు పోగొట్టావని చెవిలో చెప్పింది. ఆ మాట సౌభాగ్యమ్మకు సూదిలా గుచ్చుకుంది. అయినా తల ఎత్తే జవాబిచ్చింది.

"ఇచ్చేటోళ్ళకు నా బొంత అడ్డమా, అమ్మా? నేను ఇచ్చినా. వాళ్ళనూ ఇమ్మను."

తలుపు దాకా ఎవరి ముఖమూ చూడలేదు. తిరుగు బస్సు టికెట్టు నాగజ్యోతే కొనిచ్చింది.

ఆర్డరు రాలేదు. వస్తుందని ఎవరనుకున్నారు? సౌభాగ్యమ్మ నలుగురినీ కూర్చోబెట్టి జరిగింది జరిగినట్టు చెప్పింది. గురమ్మ ఒక్కటే అడిగింది, నా పేరు అందరూ విన్నారా అని. విన్నారంది. జులేఖా బొంత అంచు తడిమి చూసి, కుట్టు ఊడలేదు, అది చాలంది. హెప్సిబా బిడ్డకు పాలివ్వడానికి లోపలికి పోయింది. హెలెన్ మాత్రం అగ్గి మీద గుగ్గిలమైంది.

"పేరు తింటామా అక్కా? నీ పంతానికి మేం మళ్ళా లారీ ఎక్కాల."

ఆ మాట నిజమేనని సౌభాగ్యమ్మకూ తెలుసు. హెలెన్ ఆ రోజునుంచి ఆమెతో మాట్లాడడం మానేసింది. కూలికి పోతే ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. ట్రస్టు ముందు తగ్గని మనిషి హెలెన్ మౌనం ముందు సగమైపోయింది.

మూడు వారాలకు కోత పండుగ వచ్చింది. పట్నం పోయొచ్చిన బొంతను ఎవరి ఇంట్లో ఉంచాలో తేలక, ఐదుగురి తరఫునా చర్చికే ఇచ్చేశారు. పుంజులు, గుమ్మడికాయలు అయిపోయాక సౌభాగ్యమ్మ బొంత పైకెత్తింది. ఐదు పేర్లూ చెప్పింది. కూలిజనం, ఎవరి దగ్గరా పెద్దగా లేదు, అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు చివరి వరసలోంచి హెలెన్ లేచింది. ఈ మనిషి ఇంతమందిలో తిడుతుందనుకుంది సౌభాగ్యమ్మ.

"గురమ్మ, జులేఖా, హెప్సిబా, సౌభాగ్యమ్మ, నేను హెలెన్," అని ఒక్కొక్క పేరూ నిలబెట్టి నిలబెట్టి పలికింది హెలెన్. "మా ఐదుగురి బొంతకు యాభై రూపాయలు. మిరపకాడ రాత్రిళ్ళు చలిగా ఉంటాది, హెప్సిబా బిడ్డకు కావాల."

ఆ బొంతకు ఇంకెవరూ పైపాట పాడలేదు. ఒకటోసారి అనాలి సౌభాగ్యమ్మ. నోరు తెరిచింది. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆ గొంతు పెగల్లేదు. గురమ్మ లేచి, కర్ర నేలకు తాటించి, మూడుసార్లూ తానే చెప్పేసింది.