ఉప్మా తిననన్న పిల్ల

2004 వానాకాలంలో నన్ను అంగన్‌వాడీ సూపర్‌వైజర్‌గా బాన్సువాడకు వేశారు. ఇరవై చిల్లర కేంద్రాలు నా సెక్టారు కింద ఉండేవి. ఒక్కో కేంద్రానికి వెళ్లి హాజరు, పిల్లల బరువుల రిజిస్టరు, సరుకుల నిల్వ తనిఖీ చేయడం నా పని. కేంద్రం నడిపే ఆమెను కాగితాల్లో కార్యకర్త అని రాసినా ఊళ్లో అందరూ టీచరనే పిలిచేవారు. వంట చూసే ఆమె ఆయా.

ఆ రోజు కోటగిరి వైపు ఒక ఊళ్లో ఆటో దిగేసరికి కేంద్రం ముందు తల్లులు గుమిగూడి ఉన్నారు. లోపల ఉప్మా గిన్నె నిండుగా అలాగే ఉంది. అనిత అనే నాలుగేళ్ల పిల్ల పళ్లెం తోసేసి, "ఉప్మాల విషం కలిపిండ్రు, నేను తిన" అందట. అది విని మిగతా పిల్లలూ తోసేశారు. ఒక పిల్లవాడు ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకుంటే, తల్లి వాడిని ఎత్తుకుని దవాఖానకు పరుగెత్తింది.

ఎవరు కలిపారని అడిగితే "ఎర్రచీర" అందట అనిత. ఆ రోజు ఎర్రచీర కట్టుకున్నది ఆయా గంగవ్వ.

నేను అందరి ముందూ ఒక పళ్లెం ఉప్మా తిన్నాను. నమూనాలు డబ్బాల్లో పెట్టి సీలు వేశాను. ప్రాజెక్టు అధికారికి ఫోన్ చేశాను. మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని టీచరు సుగుణకు మెమో రాసిచ్చాను. నిబంధన అదే. కానీ ఆ కాగితం చూడగానే తల్లుల అనుమానం బలపడింది.

"ఏం లేకుంటే మేడం కాగితం ఎందుకిస్తది?" అని ఒకామె గట్టిగానే అంది.

గంగవ్వ గోడవారన కూలబడి, "నా మనుమరాలు గుడ గిదే తింటది మేడం, నేనెట్ల కలుపుత?" అని అదే మాట అంటూ ఉండిపోయింది.

మధ్యాహ్నానికి పిల్లవాడు బాగానే ఉన్నాడని కబురొచ్చింది. అప్పుడు గాని నాకు అనితను దగ్గర కూర్చోబెట్టుకోవాలని తోచలేదు. ఎట్లా కలిపిందో చూపించమన్నాను. పిల్ల లేచి నిలబడి, కొంగులోంచి పొట్లం తీసినట్టు తీసి, గ్లాసులో పోసినట్టు పోసి, చటుక్కున మా వైపు తల తిప్పింది. ఒకసారి కాదు, మూడుసార్లు. తిప్పినప్పుడల్లా నోటితో "డాం" అంది.

ముందురోజు సాయంత్రం మా ఇంట్లో నేను చూసిన సీరియల్‌లో, అత్త తాగే పాలలో చిన్నకోడలు పొడి కలిపి, ఎర్రచీరలో సరిగ్గా అలాగే తల తిప్పింది; ఆ తిప్పడాన్నే డాం అన్న మోతతో మూడుసార్లు చూపించారు.

అనిత నాయనమ్మ పోశవ్వ అక్కడే ఉంది. "పొద్దుగూకంగ టీవీ పెడ్తం మేడం. పిల్ల నా ఒళ్లనే కూసుంటది. దానికేం సమజైతదనుకున్న" అంది.

సుగుణ తెల్లబోయి, "ఏం సీరియల్ మేడం? మా ఇంట్ల టీవీ లేదు" అంది. ఆమెకు తెలియకపోవడానికి కారణం ఉంది. నాకు ఆ సాకు కూడా లేదు.

తల్లులకు నచ్చజెప్పడానికి వారం పట్టింది. నమూనాలో దోషం లేదని తర్వాత నివేదిక వచ్చింది. మెమో ఉపసంహరించాను, దాని నకలు మాత్రం ఫైల్లో ఉండిపోయింది. గంగవ్వ నెల తిరక్కుండానే పని మానేసింది. నేను ఇంటికి వెళ్లి పిలిచినా రాలేదు.

తర్వాతి సెక్టారు సమావేశంలో, మీ కేంద్రాల పిల్లలు ఇంట్లో టీవీలో ఏం చూస్తారని టీచర్లను అడిగాను. బొమ్మల కార్యక్రమాలు అని అందరూ ఒకే మాట చెప్పారు. పిల్లలనే అడిగి రమ్మన్నాను. మరుసటి నెల వాళ్లు తెచ్చిన జాబితాల్లో సగానికి పైగా పెద్దల సీరియళ్లే. పిల్ల బరువెంతో, ఏ టీకా ఎప్పుడు పడిందో మా దగ్గర రాసి ఉండేది. సాయంత్రం ఆ పిల్ల ఏం చూస్తున్నదో ఎవరికీ తెలియదు. చిన్నపిల్లలు అబద్ధం చెప్పరని నమ్మి తొందరపడ్డాను. అనిత అబద్ధం చెప్పలేదు, చూసిందే చెప్పింది. ఎక్కడ చూసిందో ముందు అడగాల్సింది నేను.