మూడు పసుపు విమానాలు, ఒక పొడుగు లెన్సు

శనివారం ఉదయం ఆరున్నరకి హామిల్టన్‌లో బస్సెక్కాను. విమానాల ప్రదర్శన మధ్యాహ్నం టొరంటోలో, సరస్సు మీద. దాన్ని ఫోటో తీయడానికి కావలసిన లెన్సు మాత్రం టొరంటో దాటి తూర్పున ఏజాక్స్‌లో ఉంది. ముందు అంత దూరం వెళ్లి లెన్సు కొనుక్కుని, మళ్లీ సగం దూరం వెనక్కి రావాలి. వారాంతంలో రైలు టికెట్టు పది డాలర్లు, రోజంతా ఎటైనా తిరగొచ్చు. ఎంత ఎక్కువ తిరిగితే అంత గిట్టుబాటు. కాబట్టి ఈ తిరుగుడు నాకు కష్టంగా కాక లాభంగా కనిపించింది. నా బుర్ర అలాగే పెరిగింది, ఏం చేస్తాం.

అసలు సంగతి చెప్పాలి. హామిల్టన్ శివార్లలో ఒక చిన్న ఫ్లయింగ్ స్కూలు ఉంది. సెలవు దొరికితే దాని కంచె దగ్గర నిలబడి విమానాలు ఫోటోలు తీసేవాణ్ణి. కెమెరాతో వచ్చిన మామూలు లెన్సుతో తీస్తే విమానం ఆకాశంలో దోమలా పడేది. ఒకరోజు ఆ స్కూల్లో ఆఫీసు చూసే ఆవిడ బయటికొచ్చి నా దోమల్ని ఓపిగ్గా చూసింది. “మా మూడు పసుపు విమానాలు ఈ ఏడు లేక్ మీద షోలో కలిసి ఎగురుతున్నాయి. మూడూ ఒకే ఫోటోలో, శుభ్రంగా కావాలి. తెచ్చావంటే వీకెండ్స్‌లో మా ఫోటోల పని నీకిస్తా” అంది. అప్పటికి నేను కాలేజీలో సప్లై చైన్ చదువుతూ, వారాంతాల్లో గిడ్డంగిలో పెట్టెలు మోస్తూ, థియరీ ప్రాక్టికల్ రెండూ ఒకేసారి కానిస్తున్నాను. నడుముకి ఆ ప్రాక్టికల్ చాలించాలని ఉంది.

ఆ ఏడు ఏ బస్సు చూసినా మనవాళ్లే. వీపున సంచి, చెవిలో ఫోను, కళ్లలో నిద్ర. ఆల్డర్‌షాట్‌లో బస్సు దిగి రైలెక్కి పై అంతస్తులో కూర్చున్నాను. యూనియన్ స్టేషన్లో ఇంకో రైలు మారి, తొమ్మిదిన్నరకి ఏజాక్స్‌లో దిగాను. దారిలో కాఫీ, బేగెల్ అనే గట్టి గుండ్రటి రొట్టె ఒకటి. ఆ బేగెల్ నమలడానికి యూనియన్ నుంచి ఏజాక్స్ దాకా పట్టింది.

లెన్సు అమ్ముతున్నది రామమోహన్ గారు. స్టీలు ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ప్రకటన పెట్టారు: వంద నుంచి నాలుగొందల మిల్లీమీటర్ల జూమ్ లెన్సు, తొమ్మిదొందల డాలర్లు. అంటే ముందున్న తిప్పుడు గొట్టం తిప్పితే నాలుగింతలు దగ్గరికొస్తుంది, వెనక్కి తిప్పితే దూరం జరుగుతుంది. ఆయనే కారుతో స్టేషన్‌కి వచ్చారు.

“ఏ ఊరు బాబూ మీది?”

“నరసరావుపేట అంకుల్. స్టీలు సామాన్ల కొట్టు.”

“ఓ, మనిద్దరిదీ స్టీలే అన్నమాట” అన్నారు. ఆయన కరిగించిన స్టీలుకీ మేము అమ్మే టిఫిను క్యారియర్లకీ తేడా ఎత్తిచూపలేదు. బేరానికి ముందు చుట్టరికం కలిస్తే మంచిది.

ఇంట్లో సుశీల ఆంటీ కాఫీ ఇచ్చారు. అంకుల్ జూమ్ లెన్సు బల్ల మీద పెట్టి, “ఎయిర్ షోకి ఇదే కరెక్టు. నీకింతకన్నా వద్దు” అన్నారు.

ఇక్కడే నా పెంపకం అడ్డొచ్చింది. నాన్న కొట్లో, బాబాయి కొట్లో, మేనమామ కొట్లో నేను చూసింది ఒకటే పద్ధతి. వచ్చినవాడి ముందు మొదట పరిచేది కదలని సరుకు. అది పోకపోతేనే లోపలిది బయటికొస్తుంది. అమ్మేవాడు ‘నీకు ఇదే సరిపోతుంది’ అన్నాడంటే, లోపల ఇంకేదో ఉందని అర్థం. నేను కాఫీ తాగుతూ ‘లోపల’ ఎక్కడుందా అని వెతికాను. అద్దాల బీరువాలో కనపడింది. ముదిరిన సొరకాయంత లావు, మోచేతి కన్నా పొడుగు.

“అదేమిటంకుల్?”

ఆయన మొహం మారింది. “అది అయిదొందల మిల్లీమీటర్లు. జూమ్ కాదు, ఫిక్స్‌డ్. దగ్గరా దూరం మార్చుకోడానికి ఉండదు. నీకెందుకు?”

నీకెందుకు అన్నారంటే ఖాయం. నాలుగొందల కన్నా అయిదొందలు ఎక్కువ. ఈ లెక్క మా కొట్లో పొట్లాలు కట్టే కుర్రాడు కూడా చెప్తాడు.

“అది అమ్మకానికి కాదు బాబూ.”

“ఎందుక్కాదు?” వంటింట్లోంచి ఆంటీ అన్నారు. “అమ్మేయండి. పోయినేడు అది కంటికి పెట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తూ రాళ్ల మీద వెల్లకిలా పడ్డారు. రెండు నెల్లు నేను స్నానం చేయించా.”

“లెన్సుకేం కాలేదు” అన్నారు అంకుల్.

“చూశావా అబ్బాయ్, ఆయన బాధ.”

ఆంటీది చీరాల, బట్టల కొట్టువాళ్లు. ఇద్దరం ఒకవైపైపోయాం. పధ్నాలుగొందల్లో మొదలైంది. నేను లెన్సు మీద గీతలు చూపించాను. బరువు ఎక్కువన్నాను. పాత మోడలన్నాను. సంచి భుజానికి తగిలించుకుని గుమ్మం దాకా వెళ్లాను. పిలుస్తారని తెలుసు. ఆంటీయే పిలిచారు. పదకొండొందల యాభై దగ్గర తెగింది. కొసరు కింద దాని ఒంటికాలి స్టాండు కూడా లాగాను. అంకుల్ లెన్సుని పెట్టెలో పెట్టి, మూత వేసి, మళ్లీ తీసి ఒకసారి తుడిచి, మళ్లీ మూసి ఇచ్చారు. స్టేషన్ దాకా ఆయనే దింపారు. గెలిచానని నాకు ఈల వేయాలనిపించింది.

తిరుగు రైల్లో, ఒళ్లో అంత పొడుగు నల్ల పెట్టె పెట్టుకుని కూర్చుంటే ఎదుటి సీట్లో సెక్యూరిటీ యూనిఫాంలో ఉన్న అబ్బాయి కాసేపు దాన్నే చూశాడు. వరంగల్ అట.

“అన్నా, గా పెట్టెల ఏంది?”

“లెన్సు.”

“నేనింక తుపాకనుకున్న. నా డ్యూటీ అయిపోయింది, నన్నేం అడగకురి అని చెప్దామనుకున్న” అన్నాడు. విమానాల ఫోటోలకని, ఎంతకి కొన్నానో చెప్తే, “మూడు నెల్ల కిరాయన్నా అది. నువ్వు పైలట్‌ని చూడాల్నంటే గాయన ఇంటికే పోవచ్చు” అన్నాడు. యూనియన్‌లో దిగేటప్పుడు పెట్టెకి దణ్ణం పెట్టాడు.

ఎగ్జిబిషన్ స్టేషన్లో దిగి సరస్సు ఒడ్డుకి పావుగంట నడక. లోపలికి టికెట్టు కొనక్కర్లేదు. ఒడ్డున రాళ్ల మీద కూర్చుంటే అదే ఆకాశం ఉచితంగా కనిపిస్తుంది. నాలాంటివాళ్లు అప్పటికే వందలమంది ఉన్నారు. పక్కన మడత కుర్చీలో ఒక ముసలి తెల్లాయన చిన్న కెమెరాతో, సాండ్‌విచ్‌తో కూర్చున్నాడు. నేను స్టాండు నిలబెట్టి నా సొరకాయ బిగించేసరికి ఇద్దరు ముగ్గురు నా దగ్గరికొచ్చి ఫోటోలు తీసుకున్నారు. విమానాలవి కాదు, నా లెన్సువి.

ఒంటిగంట దాటాక పడమటి నుంచి మూడు పసుపు విమానాలు వచ్చాయి. కళ్లకి మూడూ కనిపిస్తున్నాయి, రెక్కకి రెక్క తగులుతున్నట్టు, చక్కగా. కెమెరాకి కన్ను ఆనించాను. అందులో ఆకాశం. అటు తిప్పాను, ఇంకొంచెం ఆకాశం. ఇటు తిప్పాను, ఒక తోక ఇలా వచ్చి అలా పోయింది. రెండోసారి వచ్చినప్పుడు మధ్య విమానాన్ని పట్టుకున్నాను. ఎంత దగ్గరగా అంటే పైలట్ గడ్డం గీసుకోలేదని తెలుస్తోంది. మిగతా రెండింటిలో ఒకదాని చక్రం, ఇంకోదాని రెక్క కొస పడ్డాయి. మూడోసారి మూడు సగాలు. కలిపితే ఒకటిన్నర విమానం.

ముసలాయన నా కెమెరా తెరలోకి తొంగి చూశాడు. “ఆ లెన్సులో మూడూ పట్టాలంటే నువ్వు బారీ దాకా వెనక్కి నడవాలి నాయనా” అన్నాడు. బారీ అక్కణ్ణుంచి కారులో గంటకి పైనే. తన చిన్న కెమెరా చూపించాడు. మూడు విమానాలు, మూడూ పూర్తిగా.

మూడింటికి ప్రదర్శన అయిపోయింది. రేపు ఆదివారం ఇంకొక్కసారి ఎగురుతాయి. అది కూడా పోతే మళ్లీ పెట్టెలు. రాళ్ల మీద కూర్చుని అంకుల్‌కి ఫోన్ చేశాను. నేను అడగబోయే మాట కౌంటరుకి అవతల నిలబడ్డవాళ్లు అడగడమే విన్నాను గానీ ఎప్పుడూ నా నోటితో అనలేదు.

“అంకుల్, లెన్సు వాపసు తీసుకుంటారా? ఆ జూమే ఇవ్వండి.”

ఆయన ఒక్క క్షణం ఆగలేదు. “ఏ రైలుకొస్తున్నావు?” అన్నారు.

సరుకు వెనక్కొస్తోందంటే సంతోషించేవాణ్ణి నేను ఆ రోజు మొదటిసారి చూశాను. ఆయన స్టేషన్‌కి అరగంట ముందే వచ్చి ఉన్నారు. ఇంట్లోకెళ్లగానే ఆంటీ, “నువ్వెళ్లిన దగ్గర్నుంచి ఆ ఖాళీ బీరువా ముందే కుర్చీ వేసుకు కూర్చున్నారు. భోజనానికి కూడా లేవలేదు” అన్నారు.

అప్పుడు అర్థమైంది. నా అనుమానంలో సగం నిజమే. ఆయన పెద్దదాన్ని దాచారు. కానీ నా మీద లాభానికి కాదు, దాన్ని వదల్లేక. జూమ్ నాకు సరిపోతుందన్నది మాత్రం పూర్తిగా నిజం. అది నిజం కావచ్చని నాకు తట్టనే లేదు. అమ్మేవాడు నిజం చెప్పే అవకాశం కూడా ఉంటుందని మా ఇంట్లో ఎవరూ నేర్పలేదు.

పప్పు, గోంగూర, పెరుగు. తిన్నాక అంకుల్ నా మిగులు డబ్బు ఫోన్లో పంపేశారు, నేను నోరు తెరవకముందే. జూమ్ ధర మీద కూడా తగ్గించమని అడుగుదామనుకున్నాను. గోంగూర మూడుసార్లు వడ్డించుకున్నాక అడగడం బాగుండదు.

“స్టాండు మాత్రం ఇచ్చెయ్యి బాబూ. ఈ పెద్దదానికి అది లేకపోతే కుదరదు.”

“అది కొసరు” అన్నారు ఆంటీ. “కొసరిచ్చి వెనక్కి అడుగుతారా ఎవరైనా?”

“రేపు షోకి కావాలి.”

అలా బయటపడ్డారు ఆయన. ఆంటీ చాలాసేపు గిన్నెలు సర్దారు. చివరికి నా వైపు తిరిగి, “కుర్చీ ఇచ్చి పంపిస్తా. అందులోంచి లేవకూడదు. పూచీ నీది” అన్నారు. ఆ రాత్రి వాళ్ల బేస్‌మెంటు సోఫాలో పడుకున్నాను. మా ఇంట్లో అయిదుగురం ఉండే బేస్‌మెంటు కన్నా వెచ్చగా ఉంది, గురక కూడా లేదు.

ఆదివారం మబ్బు. స్టేషన్లో నేను మొహం వేలాడేశాను. “మంచిదేరా పిచ్చివాడా, అక్కడ దక్షిణం వైపు చూడాలి. ఎండుంటే విమానాలన్నీ నల్లగా కాకుల్లా పడతాయి” అన్నారు అంకుల్. రైల్లోనే నా నిన్నటి గడ్డం పైలట్ ఫోటో చూసి నవ్వి, పాఠం మొదలెట్టారు. ఒక్కటే ఎగిరేటప్పుడు దగ్గరికి లాక్కో, గుంపుగా వచ్చేటప్పుడు వదులు. చేతులు అలిసేలోగా దించు. బల్ల మీద పెట్టి చూసి కాదు, నిలబడి పావుగంట ఎత్తి పట్టుకుని చూసి లెన్సు కొనాలి. మీరెవరైనా వెళ్లేట్టయితే ఈ చివరి మాట ఒక్కటి గుర్తుంచుకోండి, మిగతావి మర్చిపోయినా నష్టం లేదు.

మబ్బు వల్ల జెట్‌లు రద్దని మైకులో చెప్పారు. జనం సగం లేచిపోయారు. మూడు పసుపు విమానాల సంగతి ఏమీ చెప్పలేదు. పన్నెండు, ఒంటిగంట. అంకుల్ కుర్చీలో కూర్చుని స్టాండు మీద లెన్సుకి గుడ్డతో మెరుగు పెడుతున్నారు. రాళ్లు రాత్రి వానకి తడిసి ఉన్నాయి.

“వస్తున్నాయి” అన్నారు, నాకింకా చప్పుడు వినపడకముందే.

మబ్బు కింద, నిన్నటి కన్నా తక్కువ ఎత్తులో వచ్చాయి. మొదటిసారి నేను కంగారులో జూమ్ ఎదురు తిప్పాను. రెండోసారి మూడూ పడ్డాయి కానీ ఒకదాని ముక్కు దాటిపోయింది. అవి సరస్సు మీద వెడల్పుగా తిరిగి మళ్లీ మా వైపు వస్తున్నాయి. అప్పుడు కుర్చీ కిర్రుమంది. అంకుల్ లేచారు. స్టాండు తీసేసి, లెన్సు చేతుల్లోకెత్తి, కన్ను దానికే అతికించి, విమానాలు తల మీదికొస్తుంటే వెనక్కి ఒక అడుగు వేశారు. ఇంకో అడుగు. వెనక తడి రాళ్లు.

ఎడం చేత్తో ఆయన స్వెట్టరు వీపు దగ్గర గుప్పిట పట్టి లాగాను. కుడిచేతిలో కెమెరా, దానికి జూమ్. ఒంటిచేత్తో కంటికెత్తాను. మూడు పసుపు విమానాలు వరసగా తెరలో నిలబడ్డాయి, రెక్కల మధ్య బూడిదరంగు మబ్బుతో సహా. వేలు నొక్కి పట్టాను. నా ఎడం గుప్పిట్లో డెబ్బై ఏళ్ల మనిషి గట్టిగా నవ్వుతున్నారు.

“పైలట్ దొరికాడు” అన్నారు. “గడ్డం గీసుకున్నాడు ఇవాళ.”

“కూర్చోండి అంకుల్.”

“మీ ఆంటీకి చెప్తావా?”

“కూర్చుంటే చెప్పను.”

కూర్చున్నారు.

నాలుగింటికి ఎగ్జిబిషన్ స్టేషన్లో విడిపోయాం. ఆయన తూర్పు రైలు, నేను పడమర. అటు ప్లాట్‌ఫారం మీద కుర్చీ భుజానికి, పెట్టె చేతిలో, ఆయన పక్కనున్నవాడికి అప్పుడే కెమెరా తెర చూపించడం మొదలెట్టారు.

రైలు కదిలాక ఫోటోలు ఒక్కొక్కటీ చూసుకుని, ఆ ఒంటిచేతి ఫోటో ఫ్లయింగ్ స్కూలు ఆవిడకి పంపాను. సరస్సు ఒడ్డుకు వెళ్లాలనుకునేవాళ్లకి నా సలహా: ఆదివారం వెళ్లండి, మబ్బుంటే బెంగపడొద్దు, తేలికపాటి లెన్సు తీసుకోండి, కుర్చీ తీసుకెళ్లండి, అందులో కూర్చునే మనిషి ఎవరైనా తోడుంటే ఇంకా మంచిది. రెండు రోజుల రైలూ తిండీ కలిపి నలభై డాలర్లు దాటలేదు.

ఓక్‌విల్ దగ్గర ఆవిడ జవాబు వచ్చింది. ఫోటో బాగుంది, వచ్చే శనివారం నుంచి రా, రోజుకి ఇంత ఇస్తాం అని అంకె రాసింది. గిడ్డంగి కన్నా ఎక్కువే. కిటికీలోంచి సరస్సు చూస్తూ, రెండు రోజుల అలసటలో, ఏమీ ఆలోచించకుండా ‘సరే’ అని పంపేశాను.

‘గ్రేట్’ అని ఆవిడ మరుక్షణం జవాబిచ్చింది. అంత తొందరగా ఒప్పుకుందంటే ఇంకొంచెం అడిగి ఉండాల్సింది. ఆల్డర్‌షాట్ వచ్చేదాకా అదే బాధ.