శాంతిరాజు సొంత దస్తూరి

శాంతిరాజు ఒంట్లో పారేది జార్జియా రాజుల రక్తం.

సరే, రక్తం అనడం కొంచెం ఎక్కువే. కాకినాడ కాన్వెంటులో చరిత్ర చెప్పే సిస్టరుగారు ఒకసారి ఆ దేశపు యువరాజు సంగతి చెప్పారు. సింహాసనం మీద కూర్చునేది అతనే గాని, చెల్లేది పక్కన నిలబడ్డ సామంతుడి మాట. చివరికి ఆ సామంతుడే అతన్ని దింపేశాడు. క్లాసులో అందరికంటే గట్టిగా నవ్వింది శాంతిరాజు. ముప్పై ఏళ్ళకు ఆ నవ్వు బహ్రెయిన్‌లో అతని నెత్తినే పడింది. కాబట్టి రక్తం కాకపోయినా జాతకం మాత్రం అదే.

1984లో అతను అక్కడి అద్లియా పేటలోని తెలుగు క్రైస్తవ సహవాసానికి అధ్యక్షుడయ్యాడు. భక్తి చూసి కాదు. ఇంగ్లీషు వచ్చినవాడు, ఎవరికీ ఎదురు చెప్పనివాడు ఒక్కడిలోనే దొరికారని. ఆ మాట ఊళ్ళో ఉన్న భార్య సువార్తమ్మకు రాస్తే, "క్రిస్మస్ ఫొటో మధ్య కుర్చీలో కూర్చుని దిగి పంపండి. ఇక్కడెవరూ నమ్మట్లేదు" అని జవాబు వచ్చింది. ఆనాటి నుంచి శాంతిరాజుకు పరలోకం మీద కంటే ఆ కుర్చీ మీదే ధ్యాస.

చిక్కల్లా వ్యానుతో వచ్చింది. శుక్రవారం సెలవునాడు మీనా సల్మాన్ రేవు పనివాళ్ళ క్యాంపు నుంచి అందరినీ ప్రార్థనకు తీసుకెళ్ళే డ్రైవరు జీవరాజు. కూడిక ఎప్పుడు మొదలవ్వాలో శాంతిరాజు చెప్పేవాడు. ఎప్పుడు ముగియాలో జీవరాజు హారన్ చెప్పేది. మొదట్లో ముందు సీటు అధ్యక్షుడిదే. కొన్నాళ్ళకు అందులో జీవరాజు బావమరిది ఎలియేజరు కూర్చున్నాడు. శాంతిరాజు వెనక్కి మారాడు, ఒళ్ళో అందరి భోజనాల బిర్యానీ గిన్నెతో.

"ఒలక్కుండా పట్టుకునే ఓపిక మీకే ఉందండి, అన్నయ్యా" అన్నాడు జీవరాజు.

శాంతిరాజు దాన్ని బిరుదుగా స్వీకరించాడు.

డిసెంబరు మొదటివారంలో జీవరాజు తెల్లకాగితం పట్టుకుని గదికొచ్చాడు.

"అన్నయ్యా, మన ప్రార్థనకి హాలు ఇచ్చినోళ్ళకి ఇంగ్లీషులో ఓ ఉత్తరం రాసిపెట్టాలండి."

"దేని గురించి?"

"అధ్యక్షుణ్ణి మార్చేం అని."

"ఎవర్ని మార్చారు?"

"మిమ్మల్నేనండి. మొన్న వ్యాన్లో అందరం అనేసుకున్నాం."

"నేనూ వ్యాన్లోనే ఉన్నాగా?"

"మీరు గిన్నె పట్టుకున్నారు కదండీ. కదపడం ఎందుకని అడగలేదు."

శాంతిరాజు లేచి నిలబడ్డాడు. కుదరదు అందామని నోరు తెరిచాడు కూడా. బయటికొచ్చింది మాత్రం, "పెన్నుందా?"

రాయడం మొదలెట్టాక, సిస్టరుగారు నేర్పిన వంపుల రాత చేతిని లాక్కుపోయింది. పాతాయన పనికిరాడు అన్నది ఒక్కటే జీవరాజు చెప్పిన విషయం. అది మరీ బోడిగా తోచి, శాంతిరాజు తన మెతకతనం మీద నాలుగు వాక్యాలు, జీవరాజు దక్షత మీద ఆరు వాక్యాలు కలిపాడు. తన అసమర్థతకు ఉదాహరణలు కూడా ఇచ్చాడు. తిరిగి చదువుకుంటే, ఇలాంటి అధ్యక్షుణ్ణి ఇన్నాళ్ళెలా భరించారా అని తనకే జాలేసింది.

"అబ్బ, ముత్యాలండీ!" అన్నాడు జీవరాజు, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

క్రిస్మస్ నాడు మధ్య కుర్చీలో జీవరాజు కూర్చున్నాడు. కనీసం చివర నిలబడదామని శాంతిరాజు వరుసలోకి నడిచాడు. ఎలియేజరు అతని చేతిలో కెమెరా పెట్టాడు.

"మీరైతే చెయ్యి వణక్కుండా తీస్తారండి. గిన్నె పట్టుకోడం చూశాం కదా."

ఎండ శాంతిరాజు వీపు మీద పడుతోంది. ఫొటోలో అతని వంతుకు దక్కింది నేల మీద ఒక పొడుగాటి నీడ. అది పాక్కుంటూ వెళ్ళి సరిగ్గా మధ్య కుర్చీ కాళ్ళ దగ్గర ఆగింది.

ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ళింటి గోడకుంది. చుట్టాలెవరైనా అడిగితే సువార్తమ్మ ఆ నీడ మీద వేలు పెట్టి, "అదిగో, మా ఆయన" అని, కథంతా చెబుతుంది.

పక్కనే కూర్చున్న శాంతిరాజు పేపరు దించడు.

"అంతా అబద్ధం. ఆ ఉత్తరం నేను రాయలేదు. ఆ గిన్నె నేను పట్టుకోలేదు. అసలు నేను బహ్రెయినే వెళ్ళలేదు. ఆ నీడ ఇంకెవడిదో."