కొబ్బరికాయ లేచిన చోటు

సాంబమూర్తిని ఒకసారి చూసినవాళ్లకి గుర్తుండిపోయేది ఆయన ముక్కు. ఎవరైనా మహిమ అన్నారంటే చాలు, కుళ్లిన గుడ్డు వాసన తగిలినట్టు అది ముడుచుకుంటుంది. ఫిజిక్సు లెక్చరరుగా రిటైరయ్యాక దయ్యాలు వదిలించేవాళ్లనీ, విభూతి రాల్చేవాళ్లనీ పరీక్షించడమే ఆయన పని. కళ్లకు కట్టే నల్లగుడ్డ ఒకటి ఎప్పుడూ చొక్కా జేబులో ఉంటుంది. గంతలతో పుస్తకాలు చదివిస్తామన్న చైతన్యపురి కోచింగువాళ్ల బండారం ఆ గుడ్డతోనే బయటపెట్టాడు. అది ఎవరికి కట్టినా, తర్వాత జబ్బేదో అంటుకున్నట్టు చేతులు రుద్ది రుద్ది తుడుచుకుంటాడు.

మొన్న చంపాపేటలో ఆయన ఉండే అపార్ట్‌మెంటు బోరు ఎండిపోయింది. కొత్త బోరుకి చోటు చూపించడానికి నీళ్ల జాడ చెప్పే కొమరయ్య వచ్చి, అరచేతిలో కొబ్బరికాయ పడుకోబెట్టుకుని నడిచాడు. కింద నీళ్లుంటే కాయ లేచి నిలబడుతుందట. గేటు పక్కన కాయ నిటారుగా లేచింది. అందరూ దండం పెట్టారు. సాంబమూర్తి ముక్కు ముడుచుకుంది.

"కళ్లకు గంతలు కడతాను. మళ్లీ అదే చోటు చూపించండి చూద్దాం" అన్నాడు.

"కట్టుండ్రి సార్, నాకేం పరేషాన్ లేదు" అన్నాడు కొమరయ్య.

గుడ్డ కట్టి, గిరగిరా తిప్పి వదిలాడు. కొమరయ్య గోడ తడుముకుంటూ వెనకవైపుకి పోయాడు. కాయ మళ్లీ లేచింది, సరిగ్గా సెప్టిక్ ట్యాంకు మీద. కంపు గుప్పుమంది. సాంబమూర్తి ముక్కు మూసుకుని, గెలిచినవాడిలా అందరి వంకా చూశాడు.

సెక్రటరీ నర్సింగరావు చెప్పులు విడిచి ట్యాంకు మూతకి మొక్కాడు. "గంతలు కట్టినా గురి తప్పలే సార్! కింద ఉన్నయి నీళ్లే కద!"

సాంబమూర్తి ముక్కు వదిలేసి, రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.