బూడిదలో మూడు రోజులు

కాలేజీలో ముప్ఫై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పాను. గాజు పాఠం వచ్చిందంటే చాలు, నాకు ఒళ్ళు మండేది. గాజులో అణువులకు వరుస ఉండదనీ, వేడికి వణికే అణువులు నెమ్మదిగా చల్లారితేనే సర్దుకుంటాయనీ, తొందరపెడితే ఒత్తిడి లోపలే నిలిచిపోతుందనీ బోర్డు మీద రాసేదాన్ని. బడి మొహం చూడని మా నాన్నకు ఇదంతా ముందే తెలుసు.

నాన్నను మేం అబ్బాజాన్ అనేవాళ్ళం. రాంగోపాల్‌పేట్‌లో ఒక సేఠ్ గాజు బట్టీలో లాంతరు చిమ్నీలు ఊదేవాడు. ఊదినవాటిని వేడి బూడిదలో మూడు రోజులు పూడ్చిపెట్టేవాడు. తీశాక ఒక్కోదాన్నీ గోటితో కొట్టి వినేవాడు. మోత సాగితే మంచిది, ఠక్కున ఆగితే పగులున్నట్టు.

నిజాం మీద పోలీసు చర్య ముగిసిన వారానికే సేఠ్‌కు దేశభక్తి పుట్టుకొచ్చింది. అంతకుముందు నవాబుల పండగలకు దీపాలు పెట్టిందీ ఈయనే లెండి! సైన్యానికి స్వాగత సభట, మర్నాటికే చిమ్నీలు కావాలన్నాడు. అవి బూడిదలోకి వెళ్ళి ఒక్క రోజే అయింది.

"లోపలి వణుకు ఇంకా సల్లారలే సేఠ్. జెర రెండు దినాలు ఆగుండ్రి" అన్నాడు అబ్బాజాన్.

సేఠ్ వినలేదు. తీసి, కొట్టి చూడమన్నాడు. అన్నీ చక్కగా మోగాయి. తన చెవి మీద అబ్బాజాన్‌కు మహా గురి. బాగానే ఉన్నాయనేశాడు. ఆ మోత పగిలినదాన్ని పట్టిస్తుందే తప్ప పగలబోయేదాన్ని కాదు.

మర్నాడు సాయంత్రం సభలో దీపాలు వెలిగించగానే చిమ్నీలు ఒక్కొక్కటే పేలిపోయాయి. ఎవరు చేశారని అడిగారు. అబ్బాజాన్ పేరు వినగానే రజాకారన్నారు. పద్దెనిమిదేళ్ళు కొలువు చేయించుకున్న సేఠ్, ఆ మనిషి సంగతి తనకంతగా తెలియదన్నాడు. థూ!

పోలీసులు పట్టుకుపోయారు. తీయమన్నది సేఠేనని అమ్మ ఠాణా ముందు మొత్తుకుంది. బాగున్నాయన్నది తనేనని అబ్బాజాన్ లోపల ఒప్పేసుకున్నాడు. ఇరవై రోజులకు చిలకలగూడలోని ఇంటికొచ్చాడు. ఎడమ చెవి వినపడటం లేదు.

సేఠ్ మళ్ళీ పనికి రమ్మని కబురంపాడు. అబ్బాజాన్ వెళ్ళాడు, సలాం కూడా చేశాడట. సిగ్గులేదా అని మొహం మీదే అడిగాను.

"మీరు తినొద్దా బిడ్డా" అన్నాడు.

తిన్నాను. ఆ కూలి డబ్బుతోనే చదువుకున్నాను కూడా.