గుర్తుమనిషి నోరు విప్పిన రోజు

మా అమ్మంత పిరికిమనిషిని నేను ఇంతవరకూ చూడలేదు. కుక్కర్ కూత పెడితే ఉలిక్కిపడుతుంది. పాలవాడు తలుపు తట్టినా, "పోలీసులేమో చూడవే" అంటుంది. అలాంటి మనిషి సగం జీవితం ఆఫీసుల్లో పెద్దవాళ్ళ ముందు కూర్చుంది. నోరు విప్పకుండా.

ఆ పనే అంత. నూలు మిల్లు దుమ్ము పీల్చి జనం దగ్గి దగ్గి పోతున్న రోజుల్లో మా వీధి ఆడవాళ్ళు పని మానేసి, గేటు ముందు బైఠాయించి, వీధిలోనే ఈ రెండు గదుల ఆస్పత్రిని సాధించుకున్నారు. అప్పట్లో ఆఫీసులో గట్టిగా మాట్లాడినవాళ్ళను అటునుంచి అటే జైలుకు పట్టుకుపోయేవారట. లోపలేం జరిగిందో వీధికి తెలిసేది కాదు. అందుకని ఇద్దరిని పంపడం మొదలుపెట్టారు. ఒకరు మాటమనిషి. రెండోవారు గుర్తుమనిషి. ఈవిడ చచ్చినా మాట్లాడకూడదు. అన్నీ విని, తిరిగొచ్చి, అందరికీ చెప్పాలి.

మాటమనిషి మా పెద్దమ్మ, అంటే అమ్మకు తోడికోడలు. కొంగు బిగించి ఎవరినైనా నిలదీసే రకం. గుర్తుమనిషి అమ్మ. జైళ్ళకు పంపే రోజులు పోయినా ఆ పద్ధతి మాత్రం పోలేదు.

"అక్కడ బొమ్మలా కూర్చుంటావేంటమ్మా?" అని ఏడిపించేదాన్ని. "అమ్మో, నేను మాట్లాడటమా!" అనేది. కుట్టుమిషను ముందు కూర్చుని ఇలాంటి వేళాకోళాలు బాగానే ఆడేదాన్ని.

ఈ ఏడు ఆస్పత్రిని నది అవతలికి మారుస్తామన్నారు. పెద్దమ్మ ఊపిరితిత్తులు అప్పటికే పాడైపోయాయి. ఆయాసం ముదిరితే ఆవిడను ఎత్తుకెళ్ళి ఆ ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టించేవాళ్ళం. నది అవతలికి తీసుకెళ్ళాలంటే దారిలోనే ప్రాణం పోతుంది. ఆ సంగతి మాకు తెలుసు, ఆవిడకూ తెలుసు. అభ్యంతరాలుంటే వచ్చి చెప్పుకోమని ఆఫీసు నుంచి కబురొస్తే, వద్దన్నా వినకుండా ఆవిడే బయల్దేరింది. గుర్తుమనిషిగా అమ్మ, మెట్లెక్కించడానికి నేనూ వెంట వెళ్ళాం.

అధికారి చెడ్డవాడేం కాదు, తొందరలో ఉన్నాడంతే. పెద్దమ్మ లేచి, "అయ్యా, మేము..." అంది. అక్కడే దగ్గు అందుకుంది. ఎంతకీ ఆగలేదు. ఆవిడ పెదవులు నీలంగా మారుతుంటే నేను వీపు నిమిరాను.

ఆయన అమ్మ వైపు తిరిగాడు. "మీరేమైనా చెప్తారా?"

అమ్మ అలవాటు ప్రకారం తల అడ్డంగా ఊపింది.

"అయితే అభ్యంతరం లేదన్నమాట. రాసుకోండి," అన్నాడాయన పక్కనున్న గుమాస్తాతో.

ఇన్నేళ్ళ అలవాటు ఒక్క తల ఊపుతో ఆస్పత్రిని పోగొట్టేలా ఉంది. పెద్దమ్మ దగ్గుతూనే అమ్మ చెయ్యి పట్టుకుని నొక్కింది.

అమ్మ లేచింది. కుర్చీ వెనక్కి పడితే ఆ చప్పుడుకు కూడా ఉలిక్కిపడింది.

"ఉందయ్యా," అంది పీల గొంతుతో. "అభ్యంతరం ఉంది. నాకు మాట్లాడటం రాదు, భయం. మా అక్క దగ్గు విన్నారు కదా? మా వీధిలో ఇంటికొకరు ఇలాగే దగ్గుతారు. ఆస్పత్రి నది దాటితే వీళ్ళు దాని దాకా బతికి చేరరు. అది రాయించండి. నాకు వణుకొస్తోంది, అయినా రాసేదాకా కూర్చోను."

ఆయన పెద్దమ్మ వైపు చూసి, గుమాస్తాతో ఆ మాట రాయించాడు. "డాక్టర్లు వచ్చి ఇంటింటికీ చూసి చెప్పేదాకా ఆస్పత్రి కదలదు. ఆ తర్వాతి సంగతికి మాత్రం నేను మాటివ్వలేను," అన్నాడు.

ఆటోలో దారిపొడవునా అమ్మ వణుకుతూనే ఉంది.

వీధి మొదట్లో ఆడవాళ్ళంతా కాచుకుని ఉన్నారు. అమ్మ నోరు తెరిచి మళ్ళీ మూసేసింది. లోపల మాట్లాడినవాళ్ళు బయట చెప్పకూడదన్నదీ ఆ పద్ధతిలో భాగమే, సొంత గొప్పలు కలుపుతారని. ఈసారి మాట్లాడింది అమ్మ కాబట్టి పెద్దమ్మే చెప్పాలి. ఆవిడ ఊపిరి కూడదీసుకుంది, మాట రాలేదు. నా వైపు చూసింది.

"నువ్వూ ఉన్నావుగా లోపల," అంది గుసగుసగా. "చెప్పు."

అందరూ నా వైపు తిరిగారు. వాళ్ళలో కొందరు అప్పుడే ఆయాసపడుతున్నారు. ఒక్క మాట తప్పితే? కొన్నాళ్ళకే ఆగిందన్నది వదిలేసి, ఆగిందని మాత్రమే చెప్తే? వీళ్ళంతా నిశ్చింతగా ఇళ్ళకు పోతారు. అమ్మ ప్రతిసారీ ఈ భయంతోనే వీధిలోకి నడిచొచ్చేదని నాకు అప్పుడే తెలిసింది.

"భయమేస్తోందా?" అంది అమ్మ.

ఔనన్నాను.

"వేస్తుంది. అక్క దగ్గు దగ్గర్నుంచి మొదలుపెట్టు. నేను తల అడ్డంగా ఊపిన సంగతి కూడా దాచకు."